పైన పటారం, లోన లొటారం: ఎయిర్ ఫ్రైయర్‌లో వెజ్ చీజ్ పఫ్‌లు

ప్రశ్న: అక్కా, నమస్కారం. రెండు నెలల క్రితం ఎయిర్ ఫ్రైయర్ కొన్నాను. కూరగాయలు, చీజ్ పెట్టి పఫ్‌లు చేద్దామని పఫ్ పేస్ట్రీ షీట్లు తెచ్చి ఇప్పటికి మూడుసార్లు ప్రయత్నించాను. మొదటిసారి పైన నల్లబడ్డాయి, అడుగున పచ్చిపిండి అలాగే ఉండిపోయింది. రెండోసారి చీజ్ అంతా బయటికి కారి బుట్టకు అంటుకుపోయింది. దాన్ని వదిలించడానికి గంట పట్టింది. మూడోసారి అంటుకోకుండా ఉంటుందని ముందే బేకింగ్ కాగితం పరిచి యంత్రం ఆన్ చేశాను. అది ఎగిరి పైకి అతుక్కుంది, మాడిన వాసన వచ్చింది, భయపడి ఆపేశాను. మా అత్తగారు ఏమీ అనలేదు గానీ, ఒకటి తిని రెండోది ముట్టుకోలేదు. వచ్చే ఆదివారం పన్నెండు మంది వస్తున్నారు. ముందురోజే చేసిపెట్టుకోవచ్చా? నూనె లేకుండా చేస్తాం కాబట్టి ఆరోగ్యానికి మంచిదే కదా? లేక ఇది అసలు ఓవెన్‌లో చేయాల్సిన పనా?
- ఒక పాఠకురాలు

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరం చదువుతూ కాగితం ఎగిరిన చోట నవ్వాను. తరువాత నా వంటింట్లో అదే కాగితం అదే కాయిల్‌కు అతుక్కున్న రోజు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. ఆ రోజు నేను యంత్రాన్ని తిట్టాను. ఆడలేక మద్దెల ఓడు అన్నాను, అంతే. మీరు రాసిన మూడు వైఫల్యాల్లో యంత్రం చేసిన తప్పు ఒక్కటీ లేదు. కాకపోతే దాని పేరులో కొంచెం మోసం ఉంది.

2010లో ఫిలిప్స్ సంస్థ ఈ యంత్రాన్ని ఆ పేరుతో మార్కెట్లోకి తెచ్చినప్పటి నుంచి అందరం దీన్ని వేయించే యంత్రం అనే అనుకుంటున్నాం. నిజానికి అది వేయించదు. అది చిన్న ఓవెన్. పైన వేడెక్కే కాయిల్, దాని మీద ఫ్యాన్, కింద చిల్లుల బుట్ట. ఫ్యాన్ వేడిగాలిని పైనుంచి కిందికి జోరుగా తోస్తుంది. పెద్ద ఓవెన్‌లో పఫ్ పెట్టిన ట్రే వేడెక్కి అడుగుభాగాన్ని కాలుస్తుంది, పైన ఉన్న కాయిల్ చాలా ఎత్తులో ఉంటుంది. ఇక్కడ అంతా తలకిందులు. కాయిల్ నెత్తిమీదే ఉంటుంది, అడుగుకు అందేది బుట్ట చిల్లుల్లోంచి తిరిగి వచ్చే గాలి మాత్రమే. అందుకే ఓవెన్ కోసం రాసిన 200 డిగ్రీల సెల్సియస్, 20 నిమిషాల లెక్కను తెచ్చి దీనిలో పెడితే పైన పటారం, లోన లొటారం. మీ మొదటి వాయి సంగతి అదే.

ఓవెన్ లెక్కలో వేడిని 15 నుంచి 20 డిగ్రీలు తగ్గించండి. సమయం అయిదో వంతు తగ్గించి చూసుకోవడం మొదలుపెట్టండి. అరచేతిలో పట్టే పఫ్‌లకు నేను వాడే లెక్క ఇది: ఖాళీ బుట్టను 180 డిగ్రీల దగ్గర నాలుగైదు నిమిషాలు వేడిచేసి, పఫ్‌లు పెట్టి, అదే వేడిలో 8 నిమిషాలు. అప్పటికి పైభాగం పొంగి గట్టిపడి దోరగా మారుతుంది. అప్పుడు ఒక్కొక్కటీ తిరగేసి, వేడి 165కు తగ్గించి మరో 4 లేదా 5 నిమిషాలు. మొదట ఎక్కువ వేడి ఎందుకంటే పొరలు లేవాలి. తరువాత తక్కువ వేడి ఎందుకంటే లేచిన పొరలు లోపలి దాకా ఆరాలి. ఈ రెండో దశను చాలామంది ఎగ్గొడతారు. పైన రంగు రాగానే తీసేస్తారు. లోపలి పొరలు ఇంకా తడిగా ఉంటాయి కాబట్టి బల్ల మీదికి వచ్చేలోపు పఫ్ చప్పబడి కూలిపోతుంది.

పొంగే వస్తువు కాబట్టి ఎత్తు కూడా లెక్కలోకి తీసుకోవాలి. బుట్టలో పెట్టినప్పుడు రెండు సెంటీమీటర్లున్న పఫ్ కాలేసరికి రెండింతలు దాటవచ్చు. మీ బుట్ట లోతు తక్కువైతే అది ఎదుగుతూ ఎదుగుతూ కాయిల్ దగ్గరికి చేరుతుంది, శిఖరం నల్లబడుతుంది. నిండుగా కూరిన మూటలు, గోపురాలు ఓవెన్‌కు వదిలేయండి. ఇక్కడ త్రికోణాలు, బల్లపరుపు దీర్ఘచతురస్రాలు మేలు.

ఇక అసలు విషయం. ఈ వంటలో ముప్పాతిక వంతు యంత్రం ఆన్ చేయకముందే అయిపోతుంది. పిండి చల్లగా ఉండాలి, కూర పొడిగా ఉండాలి. ఆ రెండూ ఉంటే యంత్రం ఏదైనా పఫ్ వస్తుంది. ఆ రెండూ లేకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా రొట్టెముక్కనే ఇస్తుంది.

చల్లదనం సంగతి ముందు చూద్దాం. పఫ్ పేస్ట్రీ అంటే పిండి పొర, వెన్న పొర, మళ్లీ పిండి పొర. మూడు మడతలుగా మడిచి పామడం ఆరుసార్లు చేస్తే మూడు, తొమ్మిది, ఇరవై ఏడు అంటూ పెరిగి 729 పొరల వెన్న అవుతుంది. వేడి తగలగానే వెన్నలోనూ పిండిలోనూ ఉన్న నీరు ఆవిరి అవుతుంది. నీరు ఆవిరైతే దాని పరిమాణం 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. ఆ ఆవిరి బయటికి పోవడానికి తోవ వెతుక్కుంటూ ఒక్కో పొరనూ పైకి ఎత్తుతుంది. వెన్న పొరలు మధ్యలో అడ్డుగా ఉన్నందువల్ల పిండి పొరలు ఒకదానికొకటి అతుక్కోవు. గుల్లదనం అంతా ఇక్కడే ఉంది. ఇందులో ఈస్టు లేదు, బేకింగ్ పౌడర్ లేదు, ఉన్నదల్లా నీరూ కొవ్వూ.

వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. వెచ్చని వంటింట్లో షీటును బల్ల మీద పరిచి, తీరిగ్గా కూరగాయలు తరుగుతూ కూర్చుంటే వెన్న పిండిలోకి ఇంకిపోతుంది. చూడటానికి షీటు అలాగే ఉంటుంది. లోపల మాత్రం 729 పొరలు కలిసిపోయి ఒకే ముద్ద అయి ఉంటుంది. దాన్ని ఏ యంత్రమూ విడదీయలేదు. కాబట్టి క్రమం మార్చండి. కూర ముందురోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టండి. షీటును కూడా రాత్రే ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి మార్చండి. మర్నాడు కత్తి, బ్రష్, గిన్నెలో నీళ్లు అన్నీ దగ్గర పెట్టుకున్నాకే షీటు బయటికి తీయండి. విప్పుతుంటే మడత దగ్గర విరుగుతోందంటే ఇంకా గడ్డగా ఉన్నట్టు, అయిదు నిమిషాలు ఆగండి. వేలికి జిడ్డు తగులుతోందంటే వేళ దాటినట్టు, మారుమాట లేకుండా ఫ్రిజ్‌లోకి పంపండి. కొన్ని షీట్లు వెన్నతో కాక వనస్పతి లాంటి కొవ్వుతో చేస్తారు. అవి కాస్త ఎక్కువ వేడిని తట్టుకుంటాయి, చేతి కింద మాట వింటాయి. రుచి మాత్రం వెన్నదే. పెట్టె వెనక పదార్థాల జాబితా చూస్తే ఏదో తెలిసిపోతుంది. కొత్తగా చేసేవారు మొదటి రెండు మూడుసార్లు వెన్న లేనిదానితో చేయి తిప్పుకున్నా నేను తప్పుపట్టను.

కోయడానికి పదునైన కత్తి కావాలి. కత్తిని లాగకుండా నిలువుగా కిందికి నొక్కి కోయండి. మొండి కత్తితో లాగితే అంచుల దగ్గర పొరలు నలిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఆ వైపు పఫ్ పొంగదు. మెరుపు కోసం పైన గిలక్కొట్టిన గుడ్డు పూసేటప్పుడూ ఇదే జాగ్రత్త. పైభాగానికి పూయండి, కోసిన అంచుల మీదికి కారనివ్వకండి. గుడ్డు జిగురులా పనిచేసి పొరలను పట్టేస్తుంది. గుడ్డు తినని ఇళ్లలో చిటికెడు చక్కెర కలిపిన పాలు గానీ, మీగడ గానీ పూస్తే సరిపోతుంది. మెరుపు కొద్దిగా తగ్గుతుంది, రంగు బాగానే వస్తుంది.

ఇప్పుడు కూర. మీ ఉత్తరంలో దీని గురించి ఒక్క ముక్క కూడా లేదు చూశారా? అనుమానం అక్కడే మొదలైంది నాకు. పుట్టగొడుగులు, పాలకూర, క్యాబేజీ లాంటివాటిలో పదింట తొమ్మిది పాళ్లు నీరే. అవి సగం ఉడికి లోపలికి వెళితే మిగతా సగం అక్కడే ఉడుకుతాయి. ఆ నీరు అడుగు పొరలోకి దిగుతుంది. అడుగున పచ్చిగా ఉందని మీరు అనుకున్నది చాలావరకు పచ్చితనం కాదు, నానిపోవడం. అలాంటి పఫ్‌ను మరో పది నిమిషాలు కాల్చినా పైన మాడుతుంది గానీ కింద ఆరదు.

ఒక చిన్న కిటుకు చెబుతాను, నా మటుకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఇదే. ఉప్పు ముందే వేయండి. కూరగాయలు మూకుడులో పడగానే ఉప్పు వేస్తే నీరు అక్కడే బయటికి వస్తుంది, అక్కడే ఆవిరైపోతుంది. చివర్లో రుచి చూసి ఉప్పు తక్కువైందని పొయ్యి దింపాక చల్లితే ఆ ఉప్పు తన పని పఫ్ లోపల మొదలుపెడుతుంది. చీజ్‌లో ఎలాగూ ఉప్పు ఉంటుంది కాబట్టి మామూలుగా వేసేదానిలో సగం చాలు.

పుట్టగొడుగులు తీసుకుంటే నూనె లేకుండా వేడి మూకుడులో వేయండి. ముందు నీరు వదులుతాయి, తరువాత ఆ నీరు ఇగిరి చిటపట శబ్దం మారుతుంది. అప్పుడు కొద్దిగా వెన్న వేసి రంగు రానివ్వండి. పాలకూరను వాడ్చి, చల్లార్చి, గుప్పిట్లో పెట్టి పిండండి. పిండాక మరోసారి పిండండి, రెండోసారి కూడా నీరు వస్తుంది, నమ్మండి. క్యారెట్, బీన్స్ చాలా సన్నగా తరగాలి. పెద్ద ముక్కలు మడతలో పొరను చీలుస్తాయి, పైగా పఫ్ కాలే పన్నెండు నిమిషాల్లో గట్టి ముక్క ఉడకదు. టమాటా నేను వేయను. ఎండబెట్టిన టమాటా అయితే సరే. నిల్వ బఠానీలు, మొక్కజొన్న గింజలు వేసేటప్పుడు కరిగిన మంచునీరు వంచేసి, మూకుడులో ఒకసారి తిప్పాలి.

కూర తయారైందో లేదో తెలుసుకోవడానికి గరిటెను మూకుడు మధ్యలో అడ్డంగా లాగండి. గీసిన దారి దారిగానే ఉండి, అందులోకి నీరు ఊరకపోతే అయినట్టు. అప్పుడు పళ్లెంలో పలచగా పరిచి పూర్తిగా చల్లారనివ్వండి. గోరువెచ్చని కూర పెట్టినా వెన్న కరుగుతుంది. చేత్తో తాకి చల్లారిందిలే అనుకోకండి, ఫ్రిజ్‌లో పెట్టి తీసిన చల్లదనం ఉండాలి. ఇంత చెప్పడం చాదస్తంగా అనిపిస్తుందేమో. కూరలో నీరుంటే కూరిన కష్టమంతా వృథా అని నేను ఒక ఏడాది పట్టి నేర్చుకున్నాను మరి.

ఎంత ఆర్చినా కొంత తడి మిగులుతుంది, దానికి కాపలా ఒకటి పెట్టాలి. ఉడికించి మెదిపిన బంగాళాదుంప అన్నిటికన్నా తేలిక. అందులోని పిండిపదార్థం తడిని పీల్చి పట్టుకుంటుంది. రెండు పెద్ద చెంచాల రొట్టెపొడి కలిపినా చాలు. కాస్త విందు భోజనంలా ఉండాలంటే చిక్కని తెల్ల సాస్ చేయండి: ఒకటిన్నర పెద్ద చెంచాల వెన్నలో అంతే మైదా వేసి, పచ్చివాసన పోయేదాకా వేయించి, అరకప్పు పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలిపితే గరిటెకు పట్టే ముద్దలా వస్తుంది. చల్లారాక ఇంకా గట్టిపడుతుంది, చెంచాతో తీసి పెట్టడం హాయి.

చీజ్ కారిపోయిన కథకు వద్దాం. ఇక్కడ రెండు తప్పులు కలిసి ఉంటాయి, ఒకటి చీజ్ ఎంపిక, రెండోది అంచు. చీజ్ అంటే ప్రోటీన్ల వలలో చిక్కుకున్న కొవ్వూ నీరూ. వేడికి వల వదులవుతుంది, చీజ్ సాగుతుంది. ఇంకా వేడెక్కితే కొవ్వు విడిపోయి నూనెలా కారుతుంది. నీళ్లలో తేలే తాజా మొజరెల్లాలో సగానికి పైగా నీరే, దాన్ని పఫ్‌లో పెట్టడం అంటే చేజేతులా చెరువు తవ్వుకోవడం. పిజ్జాల కోసం అమ్మే గట్టి మొజరెల్లా తీసుకోండి. దానికి సాగే గుణం ఉంది, రుచి తక్కువ. కాబట్టి దానికి నాలుగో వంతు చెడ్డార్ గానీ పార్మెజాన్ గానీ కలపండి. బాగా ముదిరిన చెడ్డార్‌ను ఒంటరిగా వేయకండి, అది సాగదు, నూనె వదులుతుంది. ప్రాసెస్డ్ చీజ్‌ను చాలామంది చిన్నచూపు చూస్తారు గానీ, ఈ పనికి అది భేషుగ్గా ఉంటుంది. కొవ్వూ నీరూ విడిపోకుండా పట్టి ఉంచే లవణాలు అందులో కలిపే ఉంటాయి కాబట్టి తొందరగా కారదు. ఫెటా, పనీర్, హలూమీ అసలు కరగవు. కూరకు బలంగా ఉంటాయి, తీగలా సాగే ముచ్చట వాటితో తీరదు.

తురుము కన్నా ముక్క మేలు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లని చీజ్‌ను గోటెడు ముక్కలుగా కోసి, కింద కొంచెం కూర, నడుమ చీజ్, పైన మళ్లీ కూర, ఇలా పెట్టండి. చుట్టూ కూర ఉంటే చీజ్ ఆలస్యంగా కరుగుతుంది, కరిగినా కూరలోకే దిగుతుంది. అంచు దగ్గర చీజ్ ఒక్క పోగు కూడా ఉండకూడదు. అక్కడ ఉంటే మూసిన చోటే అది తలుపు తీస్తుంది.

అంచు ఒకటిన్నర సెంటీమీటర్ల మేర ఖాళీగా వదలండి. నీళ్లలో ముంచిన వేలితో ఒక వైపు తడిమి, మడిచి, ముందు వేళ్లతో నొక్కి లోపలి గాలి బయటికి పంపి, తరువాత ఫోర్కుతో నొక్కండి. నీరు చెమ్మగా ఉండాలి, కారకూడదు. తడి ఎక్కువైతే అంచు జారి విడిపోతుంది. పైన కత్తి మొనతో రెండు చిన్న గాట్లు పెట్టండి. లోపలి ఆవిరికి మీరు తోవ ఇవ్వకపోతే అది తనకు నచ్చిన చోట చీల్చుకుంటుంది, చీజ్‌ను వెంటబెట్టుకుని మరీ వస్తుంది. ఆ పైన ఫ్రీజర్‌లో పది నిమిషాలు గానీ, ఫ్రిజ్‌లో ఇరవై నిమిషాలు గానీ ఉంచాలి. ఇది దాటవేయకండి. చుట్టేటప్పుడు మీ చేతి వేడికి మెత్తబడిన వెన్న మళ్లీ గట్టిపడేది అప్పుడే.

కొలతలు అడగలేదు గానీ చెబుతాను. ఎనిమిది పఫ్‌లకు పది సెంటీమీటర్ల చదరాలు ఎనిమిది, సుమారు 300 గ్రాముల పచ్చి కూరగాయలు (ఇగిరాక దాదాపు 200 గ్రాములు మిగులుతాయి), ఒక మోస్తరు బంగాళాదుంప, 100 గ్రాముల చీజ్, మిరియాల పొడి, వెల్లుల్లి, ఇష్టమైన ఆకుకూర ఏదైనా. ఒక్కో చదరంలో ఒక పెద్ద చెంచాకు మించి పెట్టకండి. కూర మిగులుతుంది, మిగలనివ్వండి. ఆశపడి కుక్కిన పఫ్ ఒక్కటైనా నా చేతుల్లో పగలకుండా రాలేదు.

కాగితం విషయం. యంత్రం వేడెక్కేటప్పుడు బుట్టలో ఒట్టి కాగితం ఎప్పుడూ ఉండకూడదు. ఫ్యాన్ గాలికి అది లేచి కాయిల్‌కు తగిలితే అంటుకోవచ్చు. మీరు ఆపేసి మంచిపని చేశారు. ఈసారి అలా జరిగితే ముందు ప్లగ్ తీయండి, చల్లారాకే కాగితం లాగండి. అసలు కాగితం వేయాల్సిన అవసరమే తక్కువ. అడుగుకు గాలి అందడానికే కదా ఆ చిల్లులు, వాటిని మనమే మూసేస్తే అడుగు తెల్లగానే ఉంటుంది. బుట్టకు బ్రష్‌తో నూనె పలచగా రాస్తే చాలు. డబ్బాలో వచ్చే స్ప్రే నూనెలు వాడకండి, వాటిలో కలిపే లెసిథిన్ అంటుకోని పూత మీద జిగటగా పేరుకుని దాన్ని పాడుచేస్తుంది. కాగితం ఉంటేనే ధైర్యం అంటారా, చిల్లులున్నది తీసుకుని, అడుగు కన్నా చిన్నగా కోసి, పఫ్‌లతో పాటే పెట్టండి. పఫ్‌ల బరువు దాన్ని అణచి ఉంచాలి. అన్నట్టు, ఆ గాలికి పఫ్ మూలలు కూడా లేస్తాయి. లేచే మూలను అడుగుకు మడిచి పెట్టండి.

మీ ఆరోగ్యం ప్రశ్నకు జవాబు మీకు నచ్చకపోవచ్చు. మనం పైనుంచి నూనె పోయడం లేదు, నిజమే. కానీ కాల్చిన పఫ్ పేస్ట్రీలో 100 గ్రాములకు 35 నుంచి 40 గ్రాముల దాకా కొవ్వు ముందే ఉంది, ఎయిర్ ఫ్రైయర్ దాన్ని తీసేయదు. పైగా లోపల చీజ్. నూనెలో వేయించిన దానికన్నా తక్కువే, అంతవరకే. దీన్ని ఆరోగ్యాహారం అని పిల్లలకు రోజూ పెట్టకండి, వారానికో పక్షానికో సంతోషంగా తినండి. మరో మాట, రంగు బంగారంలా ఉన్నప్పుడే ఆపండి. పిండివంటలు బాగా నల్లబడేకొద్దీ వాటిలో అక్రిలమైడ్ అనే పదార్థం ఎక్కువ అవుతుంది, అది ఒంటికి మంచిది కాదు.

ఇక ఆదివారం. పన్నెండు మందికి తలా రెండంటే ఇరవై నాలుగు. మీ బుట్ట నాలుగు లీటర్లదైతే వాయికి నాలుగే పడతాయి, మధ్యలో రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి మరి. అంటే ఆరు వాయిలు, వాయికి 13 నిమిషాలు, గంటన్నర దాకా మీరు వంటింట్లోనే. ఇంట్లో ఓవెన్ ఉందా? ఉంటే మొహమాటం లేకుండా ఇరవై నాలుగూ దానిలో పెట్టండి. నలుగురికి చేసేటప్పుడు ఎయిర్ ఫ్రైయర్‌కు సాటి లేదు, పన్నెండు మందికి మాత్రం ఓవెనే సరైనది.

ఓవెన్ లేకపోతే ఇలా చేయండి. శుక్రవారం షీట్లు కొనండి. శనివారం ఉదయం కూర చేయండి, రాత్రి షీట్లను ఫ్రిజ్‌లోకి మార్చండి. ఆదివారం ఉదయం చుట్టి, పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పెట్టి, మూత వేసి ఫ్రిజ్‌లో ఉంచండి. నాలుగైదు గంటలు ఏమీ కాదు. చుట్టినవి రాత్రంతా ఉంచితే అడుగు చెమ్మగిల్లుతుంది, అందుకే శనివారమే చుట్టవద్దంటున్నాను. అతిథులు రావడానికి గంటన్నర ముందు మొదలుపెట్టి, ఒక్కో వాయిని ఒక నిమిషం తక్కువగా కాల్చి జాలీ స్టాండు మీద ఆరనివ్వండి. పళ్లెంలో పెడితే వాటి ఆవిరి వాటి కిందే నీరై అడుగు మెత్తబడుతుంది. మూత కూడా పెట్టకండి. అందరూ కూర్చున్నాక 160 డిగ్రీల దగ్గర 3 లేదా 4 నిమిషాలు వేడిచేస్తే కొత్తగా దించినట్టే ఉంటాయి, వేడిచేసేటప్పుడు ఒకేసారి ఆరేడు పెట్టినా ఫరవాలేదు. మైక్రోవేవ్ వైపు చూడకండి, అది పఫ్‌ను తోలులా చేస్తుంది. చీజ్, ఉడికిన కూర ఉన్న పఫ్‌లు రెండు గంటలకు మించి బయట ఉండకూడదు. మిగిలితే ఫ్రిజ్‌లోకి.

పచ్చివాటిని ఎక్కువ రోజులు దాచాలంటే ఫ్రీజర్ ఉంది. ఒకసారి కరిగిన షీటును మళ్లీ గడ్డకట్టించవద్దని పెట్టె మీద రాసి ఉంటుంది. ఆ మాటలో నిజం ఉంది. మెత్తబడ్డ షీటుతో చేస్తే పొంగు పోతుంది. చల్లదనం పోకముందే చుట్టి, పళ్లెంలో విడివిడిగా గడ్డకట్టించి, తరువాత సంచిలో వేస్తే ఒక నెల దాకా నాకు బాగానే వచ్చాయి, పొంగు పిసరంత తగ్గిందేమో. వాటిని కరిగించకుండా నేరుగా 170 దగ్గర 15 నుంచి 18 నిమిషాలు కాల్చాలి, నడుమ తిరగేయాలి. పైపూత కాల్చేముందే.

రెండో వాయి మొదటిదానికన్నా తొందరగా అవుతుంది, యంత్రం అప్పటికే కాగి ఉంటుంది కాబట్టి. ఒకటి రెండు నిమిషాల ముందే తెరిచి చూడండి. పక్క నుంచి చూస్తే పొరలు విడివిడిగా కనబడాలి, అడుగు గోధుమరంగులో ఉండాలి, చేతిలోకి తీసుకుంటే చూపుకు మించి తేలిగ్గా అనిపించాలి. బరువుగా ఉంటే లోపల తడి ఉన్నట్టే. ఒక్కో యంత్రంలో 180 అంటే ఒక్కో వేడి. కాబట్టి నా లెక్కలను కూడా గుడ్డిగా నమ్మకుండా, ఆదివారం ఉదయం ముందుగా ఒక్క పఫ్ చుట్టి కాల్చి చూడండి. అది వంటవారి వాటా, ఎవరికీ పెట్టనవసరం లేదు. దించగానే కొరకకండి, లోపలి చీజ్ అయిదు నిమిషాల దాకా నాలుకను కాలుస్తుంది.

మీ అత్తగారికి మాత్రం మొదటి వాయిలోవి పెట్టకండి. మూడో వాయి వరకు ఆగండి, అప్పటికి యంత్రం చెయ్యి మీకు తెలిసిపోతుంది. ఆవిడ రెండోది తీసుకున్నారో లేదో నాకు రాయండి.